తల్లికంటే ముందు పుట్టిన కమిట్

నేను అనుమానాల మనిషిని. ఇంట్లో పాలు విరిగితే ముందు పాలాయనను, తర్వాత గిన్నెను, చివరికి ఆ గిన్నె తోమిన నన్ను నేనే అనుమానిస్తాను. మా ఇంటావిడ దీన్ని రోగం అంటుంది. అయితే ఈ రోగానికే కరీంనగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నాకు నెలనెలా జీతమిచ్చి, చివరికి శాలువా కప్పి మరీ ఇంటికి పంపించింది. ఎవరైనా ఒక ప్రోగ్రామ్ రాసి ‘అయిపోయింది’ అంటే, అది ఎక్కడ అబద్ధమాడుతుందో వెతికి పట్టుకోవడం నా పని. దాన్ని టెస్టింగ్ అంటారు. ఇప్పుడు ఈ లైనులోకి వస్తున్న పిల్లలు ఈ పనిని చిన్నచూపు చూస్తారని విన్నాను. చూడండి, నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

మా ఆఫీసు మందుల దుకాణం పైన రెండు గదులు. యజమాని, ప్రోగ్రాములు రాసే ఇద్దరు, నేను, అంతే. యజమాని అంతకుముందు తూకం కాంటాలు అమ్మేవారు, చెడిపోతే బాగుచేసేవారు. ఆదిలాబాద్ దిక్కు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల్లో ఆయనకు తెలియని గేటు లేదు. కాంటాతో పాటు కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఇస్తే మిల్లువాళ్లు వేరే దిక్కు పోరని తోచి ఈ ఆఫీసు పెట్టారు. ఆలోచన మంచిదే. రైతు పత్తి బండి కాంటా ఎక్కగానే బరువు, తేమ శాతం, కోత, అన్నీ మా ప్రోగ్రామే లెక్కగట్టి చీటీ తీసేది. పత్తిలో తేమ ఎనిమిది శాతం దాటితే, దాటిన కొద్దీ ధర కోస్తారు. కాబట్టి తేమ అంకె ఒక్కటి అటూ ఇటూ అయితే అది రైతు కంచంలోని అన్నం.

రాసే ఇద్దరిలో ఒకతను సీనియర్. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు, నవ్వు మొహం, చేతివేళ్లు కీబోర్డు మీద పడితే ఆగవు. నాకు ఈ ఆఫీసులో పని నేర్పింది అతనే. వయసులో నాకంటే ఎంతో చిన్న. రోజూ మధ్యాహ్నం కింద పక్కనున్న ఇరానీ హోటల్‌లో ఇద్దరం ఒకే చాయ్‌ని రెండు చేసి తాగేవాళ్లం. రెండోది ఒక అమ్మాయి. చెన్నూరు దగ్గరి పల్లె. క్రైస్తవ కుటుంబం. వాళ్ల బాపు కౌలుకు భూమి తీసుకొని పత్తి పండిస్తాడు. ఆదివారం చర్చిలో పాడుతుందని, గొంతు బాగుంటుందని ఎవరో చెప్పగా విన్నాను కానీ ఆఫీసులో మాత్రం ఆమె గొంతు మేము సరిగ్గా వినలేదు. అంత తక్కువ మాట్లాడేది.

మా యజమానికి ఒక పట్టింపు ఉండేది. అమావాస్య నాడు ఎవరూ కొత్త కోడ్ ఎక్కించకూడదు. పొద్దున్నే వచ్చి మెయిన్ కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి అటొక చెక్క ఇటొక చెక్క పెట్టి, స్విచ్ తీసేసేవారు. అది మళ్లీ తెల్లారే వెలిగేది. ‘అమావాస్య నాడు ఇనుము ముట్టద్దన్నా. కాంటా ఇనుముది, ఇది దాని తమ్ముడే’ అనేవారు. మేము నవ్వుకునేవాళ్లం. కానీ నెలకొక రోజు తీరుబడి దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

ఇక కమిట్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు, తెలిసినవాళ్లు చాయ్ తాగి రండి. ప్రోగ్రామ్‌లో ఏ చిన్న మార్పు చేసినా దాన్ని ఒక ముడి వేసి దాస్తారు. ఆ ముడి పేరే కమిట్. అందులో ఏం మారింది, ఎవరు మార్చారు, ఏ తేదీన మార్చారు అనేవి ఉంటాయి. ఇంకొకటి కూడా ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఈ ముడి ఏ ముడి మీద పడిందో, అంటే దీని తల్లి ఎవరో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పేరు, తేదీ మనిషి ఏమని చెబితే కంప్యూటర్ అదే నమ్ముతుంది. అడ్డం తిరిగి అడగదు. ఈ సంగతి మొదటిసారి నాకు చెప్పింది మా సీనియరే. ‘అన్నా, ఇది పసిపిల్ల అసొంటిది, ఏం జెప్తె గదే నమ్ముతది’ అన్నాడు.

ఆ ఏడు పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో ఆదిలాబాద్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. రైతులు కాంటాకు అడ్డం కూర్చున్నారు. ఒక రైతు తన పత్తిని ముందే మార్కెట్ యార్డులో తేమ చూపించుకొని వచ్చాడట. అక్కడ ఎనిమిదిన్నర కూడా లేదు. మిల్లు చీటీలో తొమ్మిది పడింది. పక్కవాడిదీ చూశారు, ఆ పక్కవాడిదీ చూశారు. అందరికీ పై అంకే. దశాంశం ఎంత చిన్నదైనా సరే, మా ప్రోగ్రామ్ దాన్ని పైకి ఎక్కించేస్తోంది. ఎవరికీ ఒక్కసారి కూడా కిందికి దించలేదు.

మా యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. మిల్లు మేనేజర్ ఫోన్‌లో అరుస్తున్నది నాకు పక్క గదిలోకి కూడా వినబడింది. “మీ దాంట్ల గడ్‌బడ్ చేసినోడు ఎవడో పేరు చెప్పు. లేకుంటె కేసు నీ మీద పెడ్త. రైతులు మమ్ముల బతకనిస్తలేరు.”

యజమాని మా సీనియర్‌ను పిలిచి, ఆ లైను ఎవరు రాశారో చరిత్ర తీయమన్నారు. అతను తీసి, తేదీల వారీగా పేర్చి, ప్రింటు ఇచ్చాడు. తేమ అంకెను పైకి ఎక్కించే లైను పక్కన ఆ అమ్మాయి పేరు ఉంది. తేదీ ఆగస్టు చివరిది. సీజను మొదలు కాకముందే చేసి పెట్టినట్టు.

ఆమెను లోపలికి పిలిచారు. నేనూ ఉన్నాను.

“బిడ్డా, గిది నువ్వు రాసినవా?” అని యజమాని కాగితం ముందుకు జరిపారు.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. “నేను రాయలే సార్.”

“మరి నీ పేరెందుకున్నది?”

“నాకు తెల్వదు సార్. కని నేను రాయలే.”

“కంప్యూటర్ అబద్ధం చెప్తదా?”

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నా బతుకంతా ఆ జవాబు మీదే నడిచింది. కానీ ఆ రోజు నోరు తెరవలేదు. ఎందుకంటే నాకూ ఆమె మీదే అనుమానం. తక్కువ మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ కుదరదు. పైగా ఆ మధ్య ఆమె ఎప్పుడు చూసినా మెట్ల మీద నిలబడి గొంతు తగ్గించి ఫోన్ మాట్లాడుతుండేది. ఎవరితో? మిల్లు మేనేజర్‌తోనా? అతను డబ్బాశ చూపించి ఉంటాడా? ఇట్లా నా బుర్ర తన పని తాను మొదలుపెట్టింది.

ఆమెను అనుమానించి ఊరుకున్నానని అనుకోకండి. సాయంత్రానికి యజమానిని కూడా అనుమానించాను. మిల్లువాళ్ల కోసం ఆయనే రాయించి, ఇప్పుడు దొరికేసరికి ఆడపిల్ల మీదికి నెడుతున్నారేమో. మిల్లు మేనేజర్‌నైతే అనుమానించడానికి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. అంకె ప్రతిసారీ తమకు లాభంగా పడుతుంటే ఇన్నాళ్లు నోరు మూసుకున్న మనిషి, రైతులు పట్టుకోగానే గొంతు పెంచాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఒక్క మా సీనియర్ మాత్రం నా జాబితాలోకి రాలేదు. చాయ్ పంచుకునే మనిషి కదా.

ఆమె ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, నా పేరు రాసిస్తరట. ఎల్లుండి ఆదిలాబాద్‌ల రైతుల ముంగట చెప్పి, పోలీస్ స్టేషన్ల గూడ ఇస్తరట. నౌకరి పోతె పాయె సార్. మా ఊళ్లె అందరిది పత్తే. మా బాపు గూడ పత్తి అమ్మేటోడే. రైతుల నోట్ల మన్ను గొట్టిన పిల్ల అంటే మా బాపు రేపు ఎవల ముంగట నిలవడ్తడు?”

“నువ్వు రాయకుంటె ఫికర్ ఎందుకు?” అన్నాను. ఎంత పనికిరాని మాటో అనగానే తెలిసింది. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు కూడా ఆ ప్రింటు కాగితం నా బల్ల మీదే ఉంది. ఎవరో వండి వడ్డించిన పళ్లెం చూస్తే నాకు తినబుద్ధి కాదు, వంటింట్లోకి తొంగి చూడాలనిపిస్తుంది. తేదీని అట్లా చూస్తూ ఉంటే ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు నేను ఆదిలాబాద్‌లోనే ఉన్నాను. తేమ మీటరు వైరు మార్చడానికి వెళితే మిల్లు గేటుకు తాళం వేసి ఉంది. పొలాల అమావాస్య. మహారాష్ట్ర పక్కనే కాబట్టి అక్కడ ఆ పండుగ మన దసరా అంత. ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, వీపు మీద కుట్టుపని గుడ్డలు. ఊరంతా ఎద్దుల వెనకే. వాచ్‌మన్ జాలిపడి నన్ను ఇంటికి తీసుకెళ్లి పూరన్ పోళీ, అదే మన బొబ్బట్లు, పెట్టించాడు, నెయ్యి కారేటట్టు. తిండి విషయాలు నాకు బాగా గుర్తుంటాయి.

అమావాస్య! అంటే ఆ రోజు మా మెయిన్ కంప్యూటర్ నిమ్మచెక్కల మధ్య నిద్రపోతూ ఉండాలి. మరి దానిలోకి కోడ్ ఎట్లా ఎక్కింది?

వెంటనే యజమాని దగ్గరికి పరుగెత్తాను. ఆయన క్యాలెండర్ తిరగేశారు. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

“అన్నా, గిదే ఆమె మీదికి వస్తది చూడు. మనమందరం అమావాస్య అంటే భయపడ్తం. ఆమె చర్చికి పొయ్యే పిల్ల, ఆమెకు అమావాస్య ఏంది? నేను స్విచ్ తీసి ఇంటికి పోంగనే, మళ్ల పెట్టి ఎక్కించి ఉంటది. ఆమెకు తప్ప ఇంకెవలికి గంత ధైర్యమున్నది?”

చూశారా, ఒక అనుమానం తీసుకెళ్లి అప్పగిస్తే, ఆయన దాన్నే ఆ పిల్ల మెడకు కట్టారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. యజమాని మీద కాదు, నా మీద కూడా కాదు. ఆ కాగితం మీద. అది ఎవరు ఎట్లా చదివితే అట్లా పలుకుతోంది. అనుమానం మనుషుల మీద పడితే ఇట్లాగే ఉంటుంది, ఎటు తిప్పినా తిరుగుతుంది. కాగితం పక్కన పెట్టి అసలు చరిత్రనే నేరుగా తీద్దామని కూర్చున్నాను.

దానికొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆ ముడులన్నీ దాచే భాండారం తెరిచి, అందులో ఉన్న కమిట్లన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి, పేరు, తేదీ, మార్పు చూపించమన్నాను. చూపించింది. అచ్చం సీనియర్ ఇచ్చిన కాగితం లాగే ఉంది. ఆగస్టులో ఆమె పేరు, దాని కింద పైన అన్నీ పొందిగ్గా. కాసేపు నేను కూడా ఓడిపోయాననుకున్నాను. తర్వాత వెలిగింది. అలవాటుకొద్దీ నేనూ తేదీల వారీగానే పేర్చాను! తేదీ అబద్ధమైతే, తేదీల వారీగా పేర్చిన ప్రతిదీ ఆ అబద్ధానికి మేకప్ వేసినట్టే కదా.

ఈసారి తేదీల జోలికి పోలేదు. చివరి కమిట్ దగ్గర నిలబడి, ‘నీ తల్లి ఎవరు?’ అని అడగమన్నాను. ఆ తల్లి దొరికితే, ‘నీ తల్లి ఎవరు?’ అట్లా వెనక్కి వెనక్కి నడవమన్నాను. ఆ నడకలో ఆగస్టు కమిట్ వచ్చింది. దాని తల్లి ఎవరో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తల్లి తేదీ దీపావళి తర్వాతిది.

ఆగస్టులో పుట్టిన బిడ్డకు తల్లి దీపావళి తర్వాత పుట్టింది. ఎక్కడైనా ఉంటుందా?

ఆ తల్లి కమిట్ నాకు బాగా తెలిసినదే. చీటీ మీద ఊరి పేరు పెద్దదైతే చివరి అక్షరాలు తెగిపోతున్నాయని దీపావళి సెలవు తర్వాత నేనే గొడవపెట్టి దిద్దించాను. ఆగస్టుదని చెప్పుకుంటున్న ప్రోగ్రామ్‌ను తెరిచి చూస్తే, అందులో ఊరి పేరు చక్కగా పూర్తిగా వస్తోంది. నేను ఇంకా పట్టుకోని తప్పును ముందే దిద్దేశారన్నమాట. నా అంత గొడవ మనిషి కంటే ముందు మేలుకొన్నవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

కాబట్టి ఆ మార్పు దీపావళి తర్వాతదే, దాని మీది ముడి తేదీ చూస్తే ఆ వారంలోనే పడింది. మరి ఆగస్టు తేదీ ఎందుకు వేయాల్సి వచ్చింది? ఎందుకంటే దీపావళి తర్వాత చాలా రోజులు ఆ అమ్మాయి ఆఫీసులోనే లేదు. వాళ్ల అవ్వకు, అంటే అమ్మకు, ఆపరేషన్ అని చెన్నూరు వెళ్లింది. మెట్ల మీద ఆ గుసగుస ఫోన్లు కూడా ఆ ఆపరేషన్ గురించేనని నాకు అప్పుడు తట్టింది. లేని మనిషి మీద తప్పు పెట్టాలంటే, ఆమె ఉన్న రోజుల్లోకి తప్పును తీసుకెళ్లాలి. పేరు మార్చడం, తేదీ మార్చడం సులువే. కానీ ముడిని దాని చోటు నుంచి విప్పి ఆగస్టు దగ్గర కట్టాలంటే, మధ్యలోని ముడులన్నీ విప్పి మళ్లీ వేయాలి. భయపడ్డ మనిషికి అంత ఓపిక ఉండదు.

రాసేవాళ్లు ఇద్దరే. ఆమె లేదు. మిగిలింది ఎవరు?

ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చేయి వెనకాడుతుంది. పసిపిల్ల లాంటిది, ఏం చెబితే అదే నమ్ముతుంది అని నాకు చెప్పిన మనిషే ఆ పసిపిల్లకు అబద్ధం చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అంతమందిని అనుమానించినవాణ్ణి, నా ఎదురుగా సాసర్‌లో చాయ్ ఊదుకునేవాణ్ణి ఒక్కణ్ణే వదిలేశాను.

యజమానికి వెంటనే చెప్పలేదు. ఆ మర్నాడు అందరం ఒకే కారులో ఆదిలాబాద్ బయలుదేరాం. ముందు సీట్లో యజమాని దేవుడి పాటలు పెట్టుకున్నారు. వెనక కిటికీ పక్కన ఆ అమ్మాయి, మధ్యలో నేను, అవతల సీనియర్. అతను దారంతా కబుర్లు చెప్పడానికి ప్రయత్నించాడు. నిర్మల్ దాటాక ఒక హోటల్ దగ్గర ఆపితే, అతన్ని పక్కకు తీసుకెళ్లాను.

“తమ్మీ, నాకు తెలిసింది,” అన్నాను.

“ఏం తెలిసిందన్నా?”

“ఆ కమిట్ తల్లి ఎవలో సూసిన.”

అతను గ్లాసు పట్టుకున్న చేతిని కిందికి దించాడు. రోడ్డు మీద పోతున్న పత్తి బండ్ల వైపు తిరిగాడు.

“కావాలని చెయ్యలేదన్నా. బయటి బోర్డు మీద రెండంకెలకంటే ఎక్కువ పడ్తలేవు, పాయింటు తర్వాతది తీసెయ్యిమని మేనేజర్ ఫోన్ చేసిండు. నేను తొందరల దగ్గరి అంకెకు బదులు పై అంకె పెట్టిన. నీకు గూడ చూపెట్టకుంట ఎక్కించిన. గంతే. లొల్లి అయినంక నాకు కాళ్లు చేతులు ఆడలే. ఇంటి లోను ఉన్నది, పిల్లలున్నరు.”

“ఆ పిల్లకు బాపు లేడా?”

అతను గ్లాసు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టాడు.

“మిల్లుల నీ అంతట నువ్వే చెప్పు. నువ్వు చెప్తె నేను నోరు తెరవ,” అన్నాను. అతను తల ఊపాడు. ఆ ఊపు ఏమిటో నాకు అర్థం కాలేదు. మనిషి తలూపితే దాని అర్థం వెతికే అలవాటు నాకు అతని విషయంలో ఎప్పుడూ పడలేదు మరి.

మిల్లు ఆవరణ నిండా పత్తి బండ్లు, ట్రాక్టర్లు. గాలికి దూది రేగి ఎగురుతోంది. మేనేజర్ గదిలోకి రైతుల తరఫున కొందరు పెద్దలు వచ్చారు. వాళ్లలో తెల్ల మీసాల ముసలాయన ఒకరు, చేతిలో మిల్లు చీటీ పట్టుకొని నిలబడే ఉన్నారు. కుర్చీ వేస్తే వద్దన్నారు.

మా యజమాని గొంతు సవరించుకున్నారు. “తప్పు మాదే. మా దగ్గర పనిచేసే గీ పిల్ల…” అని మొదలుపెట్టారు. నేను సీనియర్ వైపు చూశాను. అతను నేల వైపు చూస్తున్నాడు. ఆయన ఆమె పేరు, ఊరు, అన్నీ చెప్పారు. అతను నేల వైపే చూస్తున్నాడు.

ముసలాయన ఆమె దగ్గరికి వెళ్లారు. “బిడ్డా, మేం ఎద్దులకు పెట్టినంక తింటం. గసొంటోళ్ల పత్తిల చెయ్యి పెట్టినవా?”

“లేదు తాతా,” అంది. ఏడవలేదు. “మా ఇంట్ల గూడ పత్తే ఏస్తరు. నేను చెయ్యలే.”

“మరి ఎవలు?”

ఆమెకు తెలియదు. మేనేజర్ ఫోన్ తీసి పోలీసులకు చేస్తానన్నాడు. అప్పుడు నేను లేచాను. మిల్లు కంప్యూటర్ దగ్గర కూర్చొని, వెంట తెచ్చుకున్న నకలు మీద నా ప్రోగ్రామ్ నడిపించి, ఆ మీసాల పెద్దాయనను దగ్గరికి పిలిచి చూపించాను. కమిట్ అని, భాండారం అని చెప్పలేదు. “కాకా, బిడ్డ పుట్టిన తారీఖు ఇది. తల్లి పుట్టిన తారీఖు ఇది. జర చూడుండ్రి,” అన్నాను.

ఆయన చదువుకున్నవారు కాదు. వెంట వచ్చిన కొడుకుతో చదివించుకున్నారు. తర్వాత నవ్వారు, నవ్వు కాని నవ్వు. “తల్లికంటె ముంగట బిడ్డనా? గిది దొంగ పుట్టుక.”

“అవును. ఎవలో తారీఖు మార్చిండ్రు. పేరు గూడ మార్చిండ్రు. అది నిజంగ ఎక్కినప్పుడు గీ పిల్ల ఆఫీసుల లేదు. వాళ్ల అవ్వ దగ్గర దవాఖానల ఉన్నది.” ఇంతవరకే చెప్పి ఆగాను. మిగిలింది నా నోటితో చెప్పకూడదనుకున్నాను. బయట జిన్నింగు యంత్రాల మోత వస్తోంది.

“నేనే,” అన్నాడు మా సీనియర్.

తర్వాత గది అంతా ఒకేసారి మాట్లాడింది. ఒకరు కొట్టబోయారు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. “లెక్క తప్పిండు, బరోబర్, మనిషన్నంక తప్పుతడు. చీటీలన్ని మళ్ల లెక్కగట్టి ఇయ్యిండ్రి. కని నాయినా, నీ తప్పు దీస్కపోయి ఆడిపిల్ల ఒళ్లె పెట్టినవు సూడు, దానికి మా దగ్గర లెక్క లేదు.” అతను అప్పుడు ఏడ్చాడు. నేను వెళ్లి భుజం మీద చేయి వేయలేదు. వేయాలనిపించింది, వేయలేదు.

మేనేజర్ మాత్రం ఫోన్ చేసింది బోర్డు గురించేనని, అంకె పైకి పోతున్నట్టు తను గమనించనే లేదని ప్రమాణాలు చేశాడు. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ప్రతి అంకె తన వైపే ఒరుగుతుంటే చూడని మనిషి మిల్లుకు మేనేజర్ ఎట్లా అవుతాడు?

ఆ లైనును అక్కడే దిద్దాలన్నారు రైతులు. అమ్మాయి కూర్చొని దిద్దింది. పెద్దాయన పత్తికి మీటరు చూపించిన అసలు తేమను మళ్లీ కొట్టి, చీటీలో అంకె కిందికి దిగడం చూపించింది. మా యజమాని అప్పటికి తేరుకొని ఆమె పక్కన వంగి మెల్లగా అన్నారు. “బిడ్డా, ఆ పాతది గూడ సాఫ్ చేసెయ్యి. నీ పేరు మీద అసొంటిది ఉండద్దు. మొత్తం తుడిచేద్దాం.”

ఆయన మంచికే అన్నారేమో. ఆమె చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసింది. నేను పనిచేసిన అన్నేళ్లలో ఆమె గట్టిగా మాట్లాడటం అదొక్కసారే విన్నాను.

“వద్దు సార్. ఉండనియ్యుండ్రి. మీరు అందరి ముంగట నా పేరు చెప్పిండ్రు. అది తుడిచేస్తె, నేను చెయ్యలేదని రేపు ఎవలకైనా దేంతోని చూపెట్టాలె?”

ఆయన వెనక్కి జరిగారు. ఆ దొంగ కమిట్ ఆమె పేరుతోనే, ఆగస్టు తేదీతోనే, నేను రిటైరైన రోజు వరకు అక్కడే ఉంది. దాని మీద ఆమె దిద్దిన కమిట్, నిజం తేదీతో.

సీనియర్ ఆ నెలాఖరుకు తనే మానేశాడు. ఎక్కడున్నాడో తెలుసు, నేను ఫోన్ చేయను, అతనూ చేయడు. మధ్యాహ్నం చాయ్ నేను ఒక్కణ్ణే తాగడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. మోసం చేసినవాడి మీద కోపం ఉండటం మామూలే. కానీ చాయ్ రాగానే సగం పంచడానికి సాసర్ వెతుక్కోవడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ కారు ఎక్కడానికి ఆమెకు మనసు రాలేదు. నాకూ రాలేదు. ఇద్దరం బస్సెక్కాం. ఆమె వాళ్ల బాపుకు ఫోన్ చేసి, ‘అయిపోయింది బాపు, నాది కాదని తేలింది’ అని మాత్రం చెప్పి పెట్టేసింది. చాలా దూరం వచ్చాక నా వైపు తిరిగింది.

“సార్, ఒకటి అడుగుత. ఏమనుకోరు గద?”

“అడుగు బిడ్డా.”

“మీరు నన్ను గూడ అనుమానించిండ్రా?”

లేదని చెప్పడం ఎంతో తేలిక. ఆ రోజు ఆమె పడ్డదానికి ఆ చిన్న అబద్ధం చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. కానీ అప్పటికే ఒక అబద్ధంతో విసిగిపోయి ఉన్నాను.

“ముందుగాల నిన్నే అనుమానించిన,” అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. నొచ్చుకుందనుకున్నాను. కాసేపటికి మొహం తుడుచుకొని, కొంచెం నవ్వుతూ ఇటు తిరిగింది.

“నాకు ఎరుకే సార్. మొన్న మన సీనియర్ అన్న నా దగ్గరికొచ్చి, ‘నీ మీద నాకు రవ్వంత గూడ అనుమానం లేదు చెల్లె’ అన్నడు. హాస్టల్ల పిల్లలు గూడ గదే మాట. మా బాపు ఫోన్ల, ‘నా బిడ్డ అసొంటిది కాదు’ అనుకుంట ఏడ్సిండు. నమ్మినోళ్లంత నాతోని కూసొని ఏడ్సిండ్రు సార్. మీరొక్కలే నన్ను నమ్మక, పోయి తెరిచి చూసిండ్రు.”